గ్రంథపాలకుని నిత్యాభ్యాసము

నిమ్మనపల్లె వంటి ఊరిలో సాయంకాలము గ్రంథాలయపు తలుపులు తెరచిన వేళను ఒకసారి తలచుకొనుడు. ముందుగా దినపత్రికల కొరకు పెద్దలు వత్తురు. వారి వెనుక ఉద్యోగపు పరీక్షలకు సిద్ధమగుచున్న యువతీయువకులు వచ్చి గోడవారగా కూర్చుందురు. బడి వదలిన పిల్లలు బొమ్మల పుస్తకముల బీరువా చుట్టు మూగుదురు. మదనపల్లె మార్కెట్టునకు టమోటాలు తోలి వచ్చిన రైతు ఒకడు గడప దగ్గర నిలిచి, లోనికి రావలెనా వద్దా అని తటపటాయించును. ఇందరి అవసరములును వేరువేరు. వీరందరికి సమాధానము చెప్పవలసిన వ్యక్తి మాత్రము ఒక్కరే. ఆ ఒక్కరే తాళము తీయవలెను, పత్రికలు పరచవలెను, పుస్తకములు ఇచ్చి పుచ్చుకొనవలెను, లెక్కలు వ్రాయవలెను.

ఉపాధ్యాయునకు ప్రక్క గదిలో మరియొక ఉపాధ్యాయుడు ఉండును. వైద్యునకు సందేహము కలిగినచో పెద్ద ఆసుపత్రికి చీటి వ్రాసి పంపును. చిన్న ఊరి గ్రంథపాలకునకు అట్టి తోడు లేదు. పట్టమో సర్టిఫికెట్టో పుచ్చుకొని ఉద్యోగమున చేరిన నాటినుండి విరమించు నాటివరకు ముప్పది యేండ్లు గడచును. ఈ ముప్పది యేండ్లలో పంటలు మారును, పరీక్షలు మారును, పుస్తకములు వెలువడు తీరు మారును. తొలినాట నేర్చిన విద్య ఒక్కటే చాలునా? చాలనిచో తరువాతి విద్యను ఎవరు నేర్పవలెను? తనకు తానే నేర్చుకొనవలెననునది నా సమాధానము. అందులకు పెద్ద ఖర్చు అక్కరలేదు. సెలవు పెట్టి పట్టణమునకు పోయి నెలలతరబడి ఉండవలసిన పనియు లేదు. దినమునకు అరగంట చొప్పున కొన్ని చిన్న అలవాట్లు చాలును. వానిని గురించియే ఈ ప్రసంగము.

ఇది గ్రంథపాలకులు తమలో తాము మాటాడుకొనవలసిన విషయము గదా, ఇంట రేడియో వినువారికి దీనితో ఏమి పని యని కొందరు అనుకొనవచ్చును. పని యున్నది. మీరు ఇంటిపన్ను కట్టునపుడు అందులో గ్రంథాలయపు సెస్సు కూడ చేరియుండును. స్వతంత్ర భారతములో మొదటిదైన గ్రంథాలయ చట్టము మద్రాసు రాష్ట్రమున 1948లో వచ్చినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడువరకు చిత్తూరు జిల్లా, దానితోపాటు మన మదనపల్లె ప్రాంతము, మద్రాసు రాష్ట్రములోనివే. కనుక ఆ చట్టపు ఫలము మనకు తొలినాళ్ళలోనే అందినది. తరువాత 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయ చట్టము వచ్చినది. నేటి జిల్లా గ్రంథాలయ సంస్థలకు ఆధారము ఆ చట్టమే. గ్రంథాలయము మీ డబ్బుతో నడచుచున్నది. అందు కూర్చున్న మనిషి పెరుగుచున్నాడా, ఉన్నచోటనే ఉన్నాడా అని అడుగు హక్కు మీకు కలదు.

నా యనుభవము ఒకటి చెప్పెదను. ఉద్యోగమున చేరిన తొలి సంవత్సరములలో ఈ పడమటి ప్రాంతములోనే ఒక చిన్న గ్రంథాలయమున పనిచేయుచుంటిని. ముసురు పట్టిన ఒకనాడు ఒక రైతు ఇల్లాలు వచ్చినది. వారు ఇంట పట్టుపురుగులు పెంచుచున్నారట. పురుగులు సున్నము పూసినట్లు తెల్లబడి, సుద్దముక్కలవలె గట్టిపడి చచ్చిపోవుచున్నవట. "దీన్ని గురించి పుస్తకమేమన్నా ఉండాదా సార్?" అని అడిగినది. పట్టు అనగానే నాకు పట్టుచీరలు తోచినవి. నేతపనుల అరలో వెదకితిని. అద్దకమును గురించియు, మగ్గమును గురించియు రెండు పుస్తకములున్నవి గాని పురుగులను గురించి ఏమియు లేదు. "లేదమ్మా" అంటిని. ఆమె తల యూపి వెళ్ళిపోయినది.

ఆరు నెలల తరువాత పుస్తకముల లెక్క సరిచూచుచుండగా, పశువుల పెంపకపు పుస్తకముల సరసన, తేనెటీగల పుస్తకమునకు ఆనుకొని, పట్టుపురుగుల పెంపకమును గురించిన పలుచని పుస్తకము ఒకటి కనబడినది. ఆమె చెప్పిన తెగులు అందులో బొమ్మతో సహా ఉన్నది. పుస్తకము వెనుక అంటించిన కాగితముపై ఒక్క తేదీ ముద్రయు లేదు. కొని తెచ్చిన నాటినుండి దానిని ఎవరును తీసికొనిపోలేదు. తరువాత విచారింపగా, ఆ యింటివారికి ఆ పంట పూర్తిగా పోయినదనియు, అటుపిమ్మట పురుగుల పెంపకమే మానుకొనిరనియు తెలిసినది. పుస్తకము చదివియుండినచో పంట దక్కెడిదని నేను చెప్పజాలను. దక్కించుకొను ప్రయత్నమునకు ఆమెకు ఒక దారి యుండెను. ఆ దారిని నేను మూసితిని. అది మాత్రము నిజము.

ఈ పొరపాటు ఎట్లు జరిగినదో చూతము. మన గ్రంథాలయములలో పెక్కింట పుస్తకములను అమర్చు దశాంశ పద్ధతిని అమెరికా దేశస్థుడగు మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించెను. ఆ పద్ధతిలో పుస్తకము దేనిని గురించినదో చూచినంత మాత్రమున చాలదు, ఏ విద్యకు చెందినదో కూడ చూడవలెను. పట్టుపురుగుల పెంపకము వ్యవసాయములో భాగము. దాని అంకె 638. పట్టునేత పరిశ్రమలలో భాగము. దాని అంకె 677. అనగా మల్బరీ ఆకు కోయు నిమ్మనపల్లె రైతునకు ఒక అర, మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో పట్టుచీర నేయువారికి మరియొక అర. రెండింటి నడుమ వంట, వ్యాపారము మొదలగు విషయముల పుస్తకములు ఎన్నియో ఉండవచ్చును. ఇట్లు ఒకే వస్తువు పలు తావుల చెదరిపోవునని ఎరిగియే డ్యూయీ తన గ్రంథమునకు అకారాది సూచికను చేర్చెను. పట్టు అను మాటను ఆ సూచికలో చూచినచో రెండు అంకెలును దొరకెడివి. పరీక్షకు చదివినప్పుడు ఈ సంగతి నాకు తెలియును. ఉత్తీర్ణుడనైన తరువాత సూచికను తెరచు అలవాటు తప్పినది. ఆనాడు గ్రంథాలయమున పుస్తకమున్నది, నా చేత పట్టమున్నది, లేనిది అలవాటే.

అలవాటు ఎంతటి పని చేయగలదో తెలిసికొనుటకు ఆచార్య రంగనాథన్ గారి జీవితమును చూడవలెను. వారు గణితము బోధించు ఉపాధ్యాయులు. 1924 జనవరిలో మద్రాసు విశ్వవిద్యాలయమునకు మొదటి గ్రంథపాలకులుగా చేరిరి. చేరిన కొలది దినములకే ఆ పనియందు విసుగు పుట్టి, మరల కళాశాలకు పోవుదునని అడిగిరి. ఆ సంవత్సరమే వారిని చదువునకై లండను పంపిరి. అక్కడ పాఠములు వినుటతో తృప్తి చెందక, గురువగు బెర్విక్ సేయర్స్ ప్రోత్సాహమున ఆ దేశపు గ్రంథాలయములను ఒకదాని వెంట ఒకటి చూడసాగిరి. వారు చూచినవి నూటికి పైబడినవని చెప్పుదురు. ప్రతిచోటను పుస్తకము పాఠకుని చేతికి ఏ దారిని చేరుచున్నదో గమనించిరి. ఒకనాడు ఒక పెద్ద దుకాణములో మెకానో అను ఆటసామాను చూపుచుండగా నిలిచి చూచిరి. కొద్దిపాటి పలకలను, మరలను మార్చి మార్చి బిగించి ఎన్నో బొమ్మలు చేయుచున్నారు. విషయములను కూడ ఇట్లే కొన్ని మూలాంశములనుండి కూర్చవచ్చును గదా అని వారికి తోచినది. 1933లో అచ్చైన కోలన్ వర్గీకరణకు బీజము అక్కడ పడినది. అంతకు రెండేండ్ల ముందు, 1931లో, గ్రంథాలయ శాస్త్రమునకు ఐదు సూత్రములను గ్రంథరూపమున వెలువరించిరి. అందు చివరి సూత్రములో గ్రంథాలయమును పెరుగుట మానని ప్రాణితో పోల్చిరి. గ్రంథాలయము పెరుగుచుండగా గ్రంథపాలకుడు పెరుగక నిలిచిపోయినచో ఆ ప్రాణికి తల ఒకటి, మొండెము ఒకటి అగును.

ఇది విశ్వవిద్యాలయపు మాట, పల్లెకు అందునా అనవద్దు. తెలుగునాట గ్రంథాలయోద్యమము నడపినవారిలో చాలమందికి ఈ శాస్త్రమున పట్టములు లేవు. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిపించి, ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును నిలబెట్టిన అయ్యంకి వెంకటరమణయ్య గారు "గ్రంథాలయ సర్వస్వము" అను పత్రికను నడపి, ఒక ఊరి అనుభవమును మరియొక ఊరికి చేరవేసిరి. పాతూరి నాగభూషణము గారు 1935లో కాలువపై పడవలో పుస్తకములు పంపి తీరపు గ్రామములవారికి అందించిరి. గ్రంథపాలకుల శిక్షణకై తరగతులు నడపిరి. తమిళనాట మన్నార్‌గుడి ప్రాంతమున 1931లో పుస్తకములు ఎడ్లబండి నెక్కి ఊరూర తిరిగినవి. వీరందరును చూచి నేర్చిరి, చేసి నేర్చిరి, నేర్చినదానిని వ్రాసి పంచుకొనిరి. మనకు కావలసిన అలవాట్లు కూడ ఈ మూడింటిలోనివే. ఇక వానిని ఒక్కొక్కటిగా చెప్పెదను.

మొదటిది, "లేదు" పుస్తకము. నూరు పుటల నోటు పుస్తకము ఒకటి కొని, పుటకు నాలుగు గడులు గీయవలెను. పాఠకుడు అడిగినది ఇవ్వలేకపోయిన ప్రతిసారి మొదటి గడిలో తేదీ, రెండవ గడిలో అడిగిన విషయము, మూడవ గడిలో ఎక్కడెక్కడ వెదకితిమో వ్రాయవలెను. నాలుగవ గడి ఖాళీగా ఉంచవలెను. సమాధానము దొరకిననాడు దానిని నింపవలెను. పాఠకుని పేరు వ్రాయనక్కరలేదు. ఎవరు ఏమి అడిగిరో ఊరికి తెలియరాదు. తనకు కబురు చేయుమని అతడే కోరినచో వేరు చీటిపై వ్రాసికొని, పని ముగిసిన తరువాత చించివేయవలెను.

అడిగినవారి ప్రశ్నను వారి మాటలతోనే వ్రాయుట ముఖ్యము. రైతు "సున్నపు రోగం" అనును, పుస్తకములో "మస్కార్డిన్" అని యుండును. ముసలమ్మ "చక్కెర జబ్బు" అనును, పుస్తకములో "మధుమేహము" అని యుండును. జనుల మాటకును పుస్తకపు మాటకును నడుమ వంతెన కట్టుటయే గ్రంథపాలకుని ముఖ్యమైన పని. ఏడాది తిరుగునప్పటికి ఆ ఊరికి తగిన చిన్న నిఘంటువు ఒకటి ఈ నోటు పుస్తకములో తయారగును. వేరెవరును దానిని వ్రాసి ఈయజాలరు. నెలాఖరున పుటలు తిరుగవేసినచో, ఏ విషయము పదేపదే అడుగుచున్నారో తెలియును. పుస్తకముల కొనుగోలు తన చేతిలో లేని గ్రంథపాలకుడు కూడ ఈ లెక్కను పై అధికారి ముందుంచి, "ఈ మూడు నెలలలో బిందు సేద్యమును గురించి ఇన్నిసార్లు అడిగిరి, మా యొద్ద ఒక్కటియు లేదు" అని చెప్పగలడు. ఊరక పుస్తకములు కావలెనని అడుగుట వేరు, లెక్క చూపి అడుగుట వేరు.

రెండవది, దినమునకు ఒక పుస్తకముతో పరిచయము. పూర్తిగా చదువవలెనని నేను చెప్పుటలేదు. అరలోనుండి తనకు తెలియని పుస్తకము ఒకటి తీసి, పేరు గల పుట, అచ్చైన సంవత్సరము, పీఠిక, విషయసూచిక, చివర పదసూచిక యున్నచో అదియు చూచి, నడుమ ఒక పుటను చదువవలెను. పిమ్మట ఇది ఎవరికి ఉపయోగపడునని ప్రశ్నించుకొని మూడు పంక్తులు వ్రాసికొనవలెను. పావుగంట పని. ఏడాదిలో రెండువందల ఏబది పనిదినములు దొరకినను, రెండువందల ఏబది పుస్తకములు పరిచయమగును. పదియేండ్లకు రెండువేల ఐదువందలు. చిన్న శాఖా గ్రంథాలయమునకు అది తక్కువ సంఖ్య కాదు.

ఈ పరిచయము వలన తెలియు సంగతులు కొన్ని ఆశ్చర్యము గొలుపును. ఆ పట్టుపురుగుల తెగులునే తీసికొందము. దానికి కారణము కంటికి ఆనని ఒక బూజు అని ఇటలీ దేశస్థుడు అగస్టీనో బాసీ 1835లో నిరూపించెను. ప్రాణులకు రోగము సూక్ష్మజీవులవలన కలుగునని ప్రయోగముతో చూపిన తొలివారిలో ఆయన ఒకడు. ముప్పది యేండ్ల తరువాత లూయీ పాశ్చర్ ఫ్రాన్సు దేశపు పట్టు రైతుల కొరకు మరియొక పురుగుల తెగులును పరిశోధించెను. మన పడమటి పల్లెలలో తడిగాలికి భయపడి పురుగుల గదిలో సున్నపుపొడి చల్లు రైతు కథకును, ఆధునిక వైద్యశాస్త్రపు కథకును ఇంత దగ్గర చుట్టరికమున్నది. ఈ సంగతి ఎరిగిన గ్రంథపాలకుడు ఆ పుస్తకమును రైతునకే గాక, జీవశాస్త్రము చదువు విద్యార్థికి కూడ ఈయగలడు. ఒక్క పుస్తకమునకు ఇద్దరు పాఠకులు దొరకుదురు.

మూడవది, అంకె వేయు అభ్యాసము. దీనికి రేడియో చక్కని గురువు. ఈ వారము ఏయే ప్రసంగములున్నవో ముందుగా తెలిసినచో, గ్రంథపాలకుడు ఒక్కొక్క విషయము ఏ అంకె క్రిందికి వచ్చునో తన మనస్సులో ఊహించి, పిదప సూచికలో సరిచూచుకొనవలెను. టమోటా సాగును గురించి ప్రసంగము వచ్చినచో 635, నిలువ పచ్చడిని గురించి వచ్చినచో 641, టమోటా ధరలను గురించి వచ్చినచో అర్థశాస్త్రమున వెదకవలెను. పండు ఒకటే, అరలు మూడు. ఇట్లు వారమునకు నాలుగైదు విషయములు సాధన చేసినవాడు నేను చేసిన పొరపాటు చేయడు.

అంతటితో ఆగనక్కరలేదు. ఆ విషయముపై గ్రంథాలయమున ఉన్న పుస్తకములను ప్రసంగము వచ్చు దినమున బల్లపై పరచి యుంచవచ్చును. 1956లో యునెస్కో సహాయముతో పూనా పరిసర గ్రామములలో రేడియో గ్రామసభలు నడపినప్పుడు, రైతులు గుంపుగా కూర్చుండి ప్రసంగము విని, విన్నదానిని చర్చించి, తమ ఊరికి ఏది తగునో తేల్చుకొనెడివారు. ఒంటరిగా విన్నదానికంటె కూడి విని చర్చించినది మనస్సున నాటుకొనునని ఆ ప్రయత్నము చూపినది. అట్టి చర్చకు గ్రంథాలయముకంటె తగిన తావు ఏది? రేడియో మాట గాలిలో కలియును. మరునాడు దానిని నిలబెట్టునది పుస్తకము.

నాలుగవది, నెలకు ఒక తావు చూచి వచ్చుట. మన ప్రాంతమునకు ఈ విషయమున కొరత లేదు. మదనపల్లెలో 1915 నాటి బిసెంట్ దివ్యజ్ఞాన కళాశాల కలదు. రవీంద్రనాథ ఠాకూరు 1919లో అచట విడిది చేసియే "జనగణమన" గీతమును ఆంగ్లములోనికి అనువదించెను. చేరువనే ఋషివ్యాలీ విద్యాలయము కలదు. ఒకే గదిలో వేరువేరు తరగతుల పిల్లలకు చదువు చెప్పుటకై అచటివారు తయారుచేసిన పాఠపు కార్డుల పద్ధతి పేరుపొందినది. కుప్పములో 1997లో నెలకొన్న ద్రావిడ విశ్వవిద్యాలయము కలదు. కడపలో బ్రౌన్ దొర పేర వెలసిన భాషా పరిశోధన కేంద్రము కలదు. రంగనాథన్ గారు 1962లో గ్రంథాలయ విద్యకై నెలకొల్పిన డాక్యుమెంటేషన్ పరిశోధన, శిక్షణ కేంద్రము బెంగుళూరులో ఉన్నది. మదనపల్లెనుండి బస్సులో పోయి రావచ్చును. పోయినచోట గొప్పలు చూచి మురియుటకాక, మన గదిలో చేయదగిన ఒక్క పని నేర్చుకొని రావలెను. అరకు అంటించిన చీటి కావచ్చును, పిల్లల బల్ల ఎత్తు కావచ్చును, చినిగిన పుస్తకము అతికిన విధము కావచ్చును.

చూడవలసినవి గ్రంథాలయములు మాత్రమే కావు. వ్యవసాయాధికారి కార్యాలయము, పట్టుపరిశ్రమ శాఖ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, తపాలా కార్యాలయము కూడ చూడవలెను. గ్రంథపాలకుడు సర్వజ్ఞుడు కానక్కరలేదు. ఏ సంగతి ఎవరికి తెలియునో అతనికి తెలిసిన చాలును. ఆ ఇల్లాలు వచ్చిననాడు పుస్తకము దొరకకున్నను, పట్టుపరిశ్రమ శాఖవారు ఎక్కడ కూర్చుందురో, ఏ దినమున దొరకుదురో చెప్పగలిగియుండినచో ఆమె వట్టి చేతులతో పోయెడిది కాదు.

ఐదవది, తోటివారితో ఉత్తర ప్రత్యుత్తరములు. పుంగనూరులో ఒకరు, కుప్పములో ఒకరు, మదనపల్లెలో ఒకరు, నిమ్మనపల్లెలో ఒకరు కలిసి, వారమునకు ఒక ప్రశ్న చొప్పున పంచుకొనవలెను. పూర్వము కార్డు ముక్కపై వ్రాసెడివారము. నేడు చేతిలోని ఫోనుతో క్షణములో పని ముగియును. పలుకరింపులకును శుభాకాంక్షలకును ఆ ఫోను ఎట్లును ఉపయోగపడుచున్నది. "లేదు" పుస్తకములోని ఒక పంక్తిని కూడ దానిలో పంపుడు. మీకు లేనిది ప్రక్క ఊరివారి బీరువాలో ఉండవచ్చును.

ఆరవది, క్రొత్త సాధనములతో సాధన. 2018లో జాతికి అంకితము చేసిన భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయమున పాఠ్యగ్రంథములు, వ్యాసములు ఉచితముగా వెదకవచ్చును. తెలుగు వికీసోర్సులో హక్కుల కాలము తీరిన పాత తెలుగు గ్రంథములు పెక్కు చదువుకొనవచ్చును. మన దేశమున సాధారణముగా రచయిత మరణించిన పిదప అరువది యేండ్లవరకు ఆ రచనపై హక్కులుండును. ఈ నియమము ఎరిగినచో దేనిని స్వేచ్ఛగా అచ్చుతీసి ఈయవచ్చునో, దేనిని ఈయరాదో తెలియును. వారమునకు ఒక్క పావుగంట ఒక సాధనముపై వెచ్చించి, నేర్చినదానిని అదే వారమున ఒక్క పాఠకునికైనను చూపవలెను. ఇతరులకు చూపినప్పుడే మనకు ఎంత తెలియునో, ఎంత తెలియదో బయటపడును.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలెను. వైద్యము, చట్టము, పురుగుమందులు, ఈ మూడు విషయములలో పుస్తకము ఎప్పటిదో చూడక పాఠకుని చేతికి ఈయరాదు. ఒకనాడు మంచిదనిపించుకొన్న మందు నేడు నిషేధింపబడి యుండవచ్చును. సంవత్సరము చూపి, "ఇది ఇన్ని యేండ్లనాటి మాట, అధికారిని గాని వైద్యుని గాని అడిగి చేయుడు" అని చెప్పుట గ్రంథపాలకుని ధర్మము. పుస్తకము అందించుట మన పని; మందు చెప్పుట మన పని కాదు.

చివరిది, ఏటికొకసారి ఆత్మపరీక్ష. నవంబరు 14 మొదలు 20 వరకు గ్రంథాలయ వారోత్సవములు జరుగును. సభలు, వ్యాసరచన పోటీలు, బహుమానములు ముగిసిన తరువాత ఒక సాయంకాలము గ్రంథపాలకుడు తన నోటు పుస్తకములు ముందుంచుకొని రెండు పుటలు వ్రాసికొనవలెను. ఈ యేడు "లేదు" అన్నవి ఎన్ని, వానిలో తరువాత దొరకినవి ఎన్ని, క్రొత్తగా నేర్చినది ఏమి, వచ్చు ఏట నేర్వవలసినది ఏమి? ఇది పై అధికారికి పంపు నివేదిక కాదు గనుక ఇందు బొంకవలసిన పని లేదు.

ఇన్ని అలవాట్లు ఒక్కమారుగా ఎట్లు చేయగలమని మా గ్రంథపాలక మిత్రులు అడుగుదురు. కొందరిది పూటపని, కొందరికి రెండు గ్రంథాలయముల బాధ్యత, కొందరికి సమయమునకు జీతమే అందదు. ఈ కష్టములు లేవని నేను అనను. వానిని తీర్చుట ప్రభుత్వపు పని, సంఘముల పని. కాని అవి తీరువరకు గడప దగ్గర నిలిచిన రైతు నిలిచియుండడు గదా. అన్నియు చేయలేనివారు మొదటిది ఒక్కటి చేయుడు. నోటు పుస్తకము, కలము, రెండు నిమిషముల ఓపిక. తక్కిన అలవాట్లు దానినుండి వాటంతట అవియే మొలకెత్తును. "లేదు" అని వ్రాసిన పంక్తి కంట బడినప్పుడెల్ల, దానిని నింపవలెనను కోరిక పుట్టును. ఆ కోరికయే చదివించును, వెదకించును, ప్రక్క ఊరికి పంపును.

ఇక ఇండ్లలో ఈ ప్రసంగము వినుచున్నవారికి ఒక మనవి. మీ గ్రంథపాలకుని పెంచుట కొంత మీ చేతిలో కూడ ఉన్నది. ఆయనను అడుగుడు. దినపత్రిక చదివి వచ్చివేయక, వారమునకు ఒక్క ప్రశ్నయైనను వేయుడు. లేదని చెప్పినచో, "వ్రాసి పెట్టుడు, మరల వత్తును" అని చెప్పి, నిజముగా మరల పోవుడు. ఇచ్చిన పుస్తకము ఉపయోగపడినచో ఆ మాట చెప్పుడు, పడకున్నను చెప్పుడు. మీ యింటి ఆడవారిని, పిల్లలను పంపుడు. వారి ప్రశ్నలు వేరుగా ఉండును. అడుగువారు లేని గ్రంథపాలకుడు ఎంత చదివినను, గిరాకి లేని అంగడివాని వలె, సరుకు ఎక్కడ పెట్టినదియు మరచును.

లెక్క సరిచూచిన ఆనాటి సాయంకాలమే నేను నా మొదటి "లేదు" పుస్తకమును ప్రారంభించితిని. మొదటి పంక్తిలో ఆ ఇల్లాలి ప్రశ్నను ఆమె మాటలతోనే వ్రాసితిని. ఎక్కడ వెదకితినో వ్రాసితిని. నాలుగవ గడిలో 638 అని నింపితిని. సమాధానము దొరకినదని చెప్పుటకు మాత్రము ఆమె మరల రాలేదు. ఆ పుస్తకము నేటికిని నా యొద్ద ఉన్నది. తరువాతి పంక్తులలో చాల గడులు సకాలమునకే నిండినవి.